తేదీలు కొట్టుడు ఆపుండ్రి, ముందేందో వెనకేందో చెప్పుండ్రి

పోయిన సంచికల సైట్ పనుల ప్లానింగ్ మీద ఒక చిన్న జవాబు రాసిన్నో లేదో, ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల సగం దాని మీదనే ఉన్నయి. పనుల షెడ్యూల్ వేసే ఎంఎస్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్ ఎట్ల నేర్చుకోవాలె, అసొంటిదే ఇంకోటి ప్రైమవెరా నేర్చుకుంటే ఉద్యోగం వస్తదా, చార్టు ఎందుకు తప్పయితున్నది, అన్నీ ఇవే. నేను ఇరవై రెండేండ్లు సైట్లల్ల తిరిగిన, అండ్ల పన్నెండేండ్లు ప్లానింగ్ సీట్లనే కూసున్న, కాబట్టి తెలిసినంత చెప్త. ఒక్క తీరు అడిగినోళ్లవి కలిపేసిన, ఏమనుకోకుండ్రి.

ప్రశ్న: సార్, మాది నకిరేకల్. బీటెక్ సివిల్ అయినంక చౌటుప్పల్ దిక్కు గోదాములు కట్టే ఒక కాంట్రాక్టర్ దగ్గర సైట్ ఇంజనీర్‌గ చేరిన. ఎంఎస్ ప్రాజెక్ట్‌ల ప్లాన్ చెయ్యమంటే యూట్యూబ్ చూసి 140 పనులు రాసి, ఒక్కొక్క దానికి మొదలయ్యే తేదీ, అయిపోయే తేదీ కొట్టిన. బార్లు మంచిగ వచ్చినయి, మా సార్ ప్రింట్ తీసి గోడకు అతికిచ్చిండు. జూన్‌ల వాన పడి పునాది గుంతలల్ల నీళ్లు నిలిచి 9 రోజులు పోయినయి. ఇప్పుడు తేదీలన్నీ మార్చమంటున్నరు, రెండు రాత్రుల సంది అదే పని. షార్ట్‌కట్ ఏమన్న ఉందా?

జవాబు: తమ్మీ, నువ్వు చేసింది ప్లాన్ గాదు, బొమ్మ. బాధపడకు, నేను సుతా మొదటి ఏడాది గదే చేసిన, నాది 300 లైన్ల బొమ్మ. ఈ సాఫ్ట్‌వేర్ అసలు పని ఏందంటే లెక్క చేసుడు, నువ్వు దానికి లెక్క ఇయ్యకుండ జవాబు రాసిచ్చినవ్, అందుకే వాన పడ్డంక అది నీ మొఖం చూసుకుంట కూసున్నది.

ముందుగాల్ల ఫైల్‌ను ఇంకో పేరుతోని సేవ్ చేసుకో. తర్వాత టాస్క్ మోడ్ అని ఒక కాలమ్ ఉంటది చూడు, అండ్ల పిన్ను బొమ్మ కనిపిస్తే ఆ పని మాన్యువల్‌ల ఉన్నట్టు, అంటే నువ్వు కొట్టిన తేదీనే ఉంటది, అది లెక్క చెయ్యది. 2010 వెర్షన్ సంది కొత్తగ ఏ పని రాసినా మాన్యువల్‌లనే పడ్తది, ఈ ముచ్చట ఎవ్వరూ చెప్పరు, సగం మంది ఈడనే ఆగిపోతరు. కింద ఎడమ దిక్కు మూలకు న్యూ టాస్క్స్ అని ఉంటది, దాన్ని ఆటోకు మార్చు. ఉన్న పనులన్నీ సెలెక్ట్ చేసి ఆటో షెడ్యూల్ నొక్కు. ఏది అయినంక ఏది అని చెప్పే లింకులు లెవ్వు కాబట్టి బార్లన్నీ ఉరికొచ్చి మొదటి తేదీ కాడ కుప్పబడ్తయి. ఆగమాగం గాకు, అవి అట్ల పడాల్నే.

ఇప్పుడు అసలు పని. మీ మేస్త్రిని ఒక పూట పట్టుకో, చాయ్ తాగుకుంట ఒక్కొక్క పనికి ఒక్కటే మాట అడుగు: "దీన్ని షురూ జెయ్యాలంటే ముందు ఏం అయిపోయి ఉండాలె?" ఆయన చెప్పింది ప్రిడిసెసర్ కాలమ్‌ల ఆ పని నంబర్‌తోని రాయి. ఎన్ని రోజులు పడ్తదో డ్యూరేషన్‌ల రాయి. తేదీ మాత్రం ఒక్కటే, ప్రాజెక్ట్ మొదలయ్యే తేదీ. మిగిలినవి అదే లెక్క చేస్తది.

ఒక స్లాబ్ లెక్క చూద్దాం. సెంట్రింగ్ 6 రోజులు, స్టీల్ కట్టుడు 4, కరెంటు పైపులు 1, కాంక్రీట్ పోసుడు 1. ఒకటైనంక ఒకటి అనుకుంట పోతే 12 రోజులు. కని సైట్ మీద అట్ల ఎవ్వడు చెయ్యడు, సెంట్రింగ్ సగం పరిచినంక స్టీల్ బార్ బెండర్లు ఎక్కుతరు గదా. అదే మాట సాఫ్ట్‌వేర్‌కు చెప్పాలంటే స్టార్ట్ టు స్టార్ట్ లింక్ పెట్టి 3 రోజుల లాగ్ ఇయ్యాలె, అంటే సెంట్రింగ్ మొదలైన మూడు రోజులకు స్టీల్ మొదలు. అప్పుడు స్టీల్ 4వ రోజు ఎక్కి 7వ రోజు దిగుతది, పైపులు 8, పోత 9వ రోజు. మూడు రోజులు మిగిలినయి, ఎవ్వన్ని ఉరికియ్యలేదు, ఉన్న పద్ధతే రాసినం. ఒక్క జాగ్రత్త, సెంట్రింగ్ అయిపోకముందే స్టీల్ అయిపోయినట్టు చూపెట్టొద్దు కాబట్టి ఆ రెంటికి ఫినిష్ టు ఫినిష్ లింక్ సుతా పెడితే మంచిది.

ఇట్ల 140కి లింకులు ఇచ్చుడు ఒక రోజు పని, మహా అయితే ఒకటిన్నర. అయినంక ఆ 9 రోజులను క్యాలెండర్‌ల పని లేని రోజులుగ పెట్టు, పునాది వెనకాల ఉన్నదంతా రైలు డబ్బాలు జరిగినట్టు జరుగుతది. నువ్వు ఒక్క తేదీ ముట్టుకోవు. ఇగ మళ్ల చెయ్యి దురదబెట్టి స్టార్ట్ కాలమ్‌ల తేదీ కొట్టినవనుకో, ఆటోల ఉన్నా సరే ఆ పనికి "ఈ తేదీ కంటే ముందు మొదలు గావొద్దు" అని ఒక కట్టు పడ్తది, పక్కన చిన్న క్యాలెండర్ బొమ్మ వస్తది. ఆ బొమ్మలు ఎన్ని తక్కువుంటే నీ షెడ్యూల్ అంత బతికున్నట్టు. ఇంకోటి, పెద్ద హెడ్డింగుల లైన్లకు, అంటే సమ్మరీ టాస్కులకు లింకులు ఇయ్యకు, కింద పనులకే ఇయ్యి, లేకపోతే యాడ ఏది ఇరుక్కున్నదో నీకే దొరకది.

ప్రశ్న: నమస్తే. మాది అచ్చంపేట దగ్గర ఊరు, నేను 30 ఏండ్ల సంది బిల్డింగ్ మేస్త్రిని, బొంబాయి, పూణె అన్నీ తిరిగొచ్చిన. ఇప్పుడు కొడుకు కంప్యూటర్‌ల ప్లాన్ చేస్తుండు. వాని చార్టుల శనివారం, ఆదివారం రెండూ సెలవే. మా దగ్గర శనివారం ఎవడు బంద్ పెడ్తడు? అదే కురుమూర్తి జాతరకు లేబర్ వారం రోజులు కనబడరు, దాన్ని వాడు రాయనే రాయలేదు. కంప్యూటర్‌కు తెల్వదు అంటడు. మరి దాన్ని నమ్ముకొని ఓనర్‌కు మాట ఇయ్యొచ్చునా?

జవాబు: అన్నా, మీ ఉత్తరం నాకు మస్తు నచ్చింది. దేశంల ఎన్నో డ్యాములు, కాల్వలు కట్టిన పాలమూరు లేబర్‌కు ఎప్పుడు ఎన్ని రోజులు పడ్తదో ఎవ్వరూ నేర్పక్కర్లేదు. మీ కొడుకుది సగం తప్పు, సగం సాఫ్ట్‌వేర్ తప్పు. ఎంఎస్ ప్రాజెక్ట్‌ల స్టాండర్డ్ అనే క్యాలెండర్ మొదట్ల సోమవారం నుంచి శుక్రవారం, పొద్దున 8 నుంచి 12, 1 నుంచి 5, రోజుకు 8 గంటలు అని వస్తది. అది అమెరికా ఆఫీసుల లెక్క. దాన్ని మార్చకుంట వాడితే 48 రోజుల పని తొమ్మిదిన్నర వారాలు దాటుతది, మీ లెక్కన వారానికి ఆరు రోజులైతే 8 వారాలల్ల అయిపోతది. ఓనర్ అడిగిండంటే పది పదకొండు రోజులు ఉట్టిగనే ఎక్కువ చెప్పినట్టు.

చేంజ్ వర్కింగ్ టైమ్ అని ప్రాజెక్ట్ ట్యాబ్‌ల ఉంటది, మీ కొడుకును అది తీయమనుండ్రి. వర్క్ వీక్స్‌ల శనివారం పని రోజు చెయ్యాలె. మీ దగ్గర అంగడి నాడు లేబర్ రాకపోతే ఆదివారం బదులు ఆ అంగడి రోజునే సెలవు పెట్టొచ్చు, దానికేం అభ్యంతరం లేదు. ఎక్సెప్షన్స్ అనే కాడ దసరా, బతుకమ్మ, పీర్ల పండుగ, కార్తీకంల కురుమూర్తి జాతర, అన్నీ తేదీలు వేసి రాయిపియ్యుండ్రి. నల్గొండ దిక్కు మనుషులు ఉంటే మాఘంల చెర్వుగట్టు జాతర, సూర్యాపేటోళ్లయితే రెండేండ్లకోసారి పెద్దగట్టు. వరి నాట్లు, కోతలు సుతా. నేను చూసిన సైట్లల్ల చార్టు తప్పుడుకు సిమెంట్ కంటే నాట్లే ఎక్కువ కారణం, ఇది ఏ పుస్తకంల ఉండదు.

ఎండకాలం గంటలు వేరే ఉంటయి గదా, పొద్దుగాల 6 నుంచి 11, మళ్ల సాయంత్రం 4 నుంచి 7. అది సుతా 8 గంటలే అయితది కాబట్టి ఏప్రిల్, మే నెలలకు ఇంకో వర్క్ వీక్ పెట్టుకోవచ్చు, లెక్క చెడిపోదు. గంటలు 8 గాకుండ 9, 10 పెడ్తే మాత్రం ఆప్షన్స్‌ల రోజుకు ఎన్ని గంటలు అనేది సుతా మార్చాలె, లేకుంటే ఒక రోజు పని రోజు నిండకముందే అయిపోయినట్టు చూపెడ్తది, మీ కొడుకు జుట్టు పీక్కుంటడు.

ఇంకో ముచ్చట, మీకు తెల్సిందే, వానికి చెప్పుండ్రి. కాంక్రీట్ ఆదివారం సెలవు తీసుకోదు, జాతరకు పోదు. కాబట్టి స్లాబ్ పోసినంక జాకీలు, కర్రలు విప్పేదాంక ఆగే రోజులను పని రోజులుగ రాయొద్దు. డ్యూరేషన్‌ల 14 రోజులు అని రాస్తే శని, ఆదివారాలు తీసేసి కనీసం 18 రోజులు చేస్తది. ఇంగ్లీష్ అక్షరాలల్ల ఇ, డి అని కలిపి రాస్తే క్యాలెండర్ రోజులు లెక్క పెడ్తది, లాగ్‌ల సుతా అట్లనే రాయొచ్చు. ఐఎస్ 456 అనే కాంక్రీట్ కోడ్ ప్రకారం మామూలు సిమెంట్‌కు స్లాబ్ స్పాన్, అంటే ఆసరాకు ఆసరాకు నడుమ దూరం, 4.5 మీటర్ల లోపుంటే కింద ఆసరాలు 7 రోజులు, అది దాటితే 14, బీములకు 6 మీటర్ల లోపు 14, దాటితే 21 ఉంచాలె. నీళ్లు కొట్టుడు మామూలు సిమెంట్‌కు 7 రోజులు అని ఉన్నా, మన ఎండలకు 10 రోజులకు తగ్గొద్దని అదే కోడ్‌ల ఉన్నది.

మాట ఇయ్యొచ్చునా అంటరా, క్యాలెండర్ మీరు చెప్పినట్టు రాసినంక వచ్చిన తేదీని నమ్మొచ్చు. మీ తలకాయల ఉన్నదే కదా అండ్ల ఉండేది.

ప్రశ్న: మేడమ్/సార్, నేను మహబూబ్‌నగర్‌ల డిగ్రీ అయిపోయిన అమ్మాయిని. ప్లానింగ్ ఇంజనీర్ల కింద అసిస్టెంట్ జాబులు ఉంటయని మా అక్క చెప్పింది. అమీర్‌పేట్‌ల ఒక ఇన్‌స్టిట్యూట్‌ల ప్రైమవెరా కోర్సుకు పాతిక వేలు అడిగిండ్రు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నరు. మా ఇంట్ల లాప్‌టాప్ పాతది, 4 జీబీ ర్యామ్. ఏం చెయ్యమంటరు?

జవాబు: చెల్లే, గ్యారంటీ అన్న మాట వినంగనే పైసలు జేబుల పెట్టుకొని బస్సెక్కు. కోర్సు చెడ్డది అంటలేను, కని బటన్లు నేర్సుకునుడు పది రోజుల పని, దానికి ముందు ఉండాల్సింది వేరే ఉన్నది.

జర కథ చెప్త, పనికొస్తది. హెన్రీ గాంట్ అనే అమెరికా ఇంజనీర్ 1910ల కాలంల బార్ చార్టులను వాడుకలకు తెచ్చిండు, ఇయ్యాల్టికి గాంట్ చార్ట్ అనే అంటరు. ఆ బార్ల నడుమ ఏది దేని మీద ఆధారపడ్డదో లెక్క కట్టే క్రిటికల్ పాత్ పద్ధతి 1950ల చివర్ల డూపాంట్ కంపెనీ, రెమింగ్టన్ ర్యాండ్ వాళ్ల మనుషులు కలిసి తయారు చేసిండ్రు, అదే టైంల 1958ల అమెరికా నేవీ పొలారిస్ మిసైల్ పని కోసం పెర్ట్ అనే ఇంకో లెక్క పద్ధతి వచ్చింది. మన నాగార్జునసాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న, అంటే అంత పెద్ద రాతి డ్యామ్ మొదలైనప్పుడు లోకంల క్రిటికల్ పాత్ అనే మాటే చలామణిల లేదు. 1967 ఆగస్టుల కాల్వలకు నీళ్లిడిసిండ్రు. సాఫ్ట్‌వేర్ లేకున్నా పనులు అయినయి, కని ఏది ముందు ఏది వెనక అన్నది తెలిసిన మనిషి లేకుంటే అయ్యేవి కావు. నువ్వు నేర్సుకోవాల్సింది ఆ రెండోది.

ప్రైమవెరా 1983ల పుట్టిన కంపెనీ, 2008ల ఒరాకిల్ కొన్నది, ఇప్పుడు పీ6 అంటరు. పెద్ద పనులకు, మన దామరచర్ల కాడ 800 మెగావాట్ల యూనిట్లు అయిదు పెట్టిన యాదాద్రి థర్మల్ అంత సైజు పనికి వేల యాక్టివిటీలు ఉంటయి, అసొంటి కాడ పీ6 అడుగుతరు ఎక్కువ. చిన్న, నడిమి కాంట్రాక్టర్ల దగ్గర ఎంఎస్ ప్రాజెక్ట్, నిజం చెప్పాలంటే చాన కాడ ఎక్సెల్. నువ్వు మొదలు ప్రాజెక్ట్‌లిబ్రె వేసుకో. 2012 సంది ఉన్నది, ఫ్రీ, జావా ఉంటే నడుస్తది, నీ 4 జీబీకి సరిపోతది, ఎంఎస్ ప్రాజెక్ట్ ఫైళ్లు సుతా తెరుస్తది. తెరలు అందంగ ఉండవు, అప్పుడప్పుడు మొండికేస్తది, నేర్సుకోనీకి ఏం తక్కువ లేదు.

మీ గల్లిల ఎవలో ఒకలు ఇల్లు కడ్తనే ఉంటరు. ఆడికి రెండు నెలలు వారానికోసారి పోయి చూడు, 60 పనుల షెడ్యూల్ నువ్వే రాయి, ప్రతి వారం అసలు ఏమైందో దాని పక్కన పెట్టు. ఇంటర్వ్యూల ఆ ఫైల్ తెరిచి చూపెట్టినోళ్లను నేను ఇద్దరినే చూసిన, ఇద్దరినీ తీసుకున్న. సర్టిఫికెట్ కావాలంటే పీఎంఐ అనే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సంస్థ వాళ్ల సీఏపీఎం సర్టిఫికెట్‌కు అనుభవం అక్కర్లేదు, వాళ్లదే పెద్దది పీఎంపీకి ఏండ్ల అనుభవం కావాలె, దాని జోలికి ఇప్పుడే పోకు. పాతిక వేలు ఉంటే ముందు ర్యామ్ వేయించుకో.

ప్రశ్న: మిర్యాలగూడల రైస్ మిల్లు ఎక్స్‌టెన్షన్ పని చూస్తున్న. మా కన్సల్టెంట్ పంపిన షెడ్యూల్‌ల అన్ని బార్లు ఎర్రగనే ఉన్నయి. "అన్నీ క్రిటికలే సార్, దేనికీ ఒక్క రోజు టైం లేదు" అంటుండు. నిజమేనా?

జవాబు: అన్నీ ఎర్రగుంటే అది షెడ్యూల్ గాదు సార్, బెదిరిచ్చుడు. ఎరుపు అంటే ఆ పని ఒక్క రోజు ఆగితే మొత్తం పని ఒక్క రోజు ఆగుతదని అర్థం. మీ మిల్లుల ప్రహరీ గోడకు సున్నం ఏసుడు, డ్రయ్యర్ ఫౌండేషన్, రెండూ ఒక్క తీరు క్రిటికల్ ఎట్లయితయి? రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, పనులన్నీ ఒక్క దండ లెక్క ఒకదాని తోకకు ఒకటి కట్టిండు, పక్కపక్కన నడిచేటియి లేనే లెవ్వు. రెండు, ప్రతి పనికి "ఈ తేదీననే అయిపోవాలె" అని గట్టి కట్టు పెట్టిండు. ఏ పనికి ముందు లింక్ లేదు, ఏ దానికి వెనక లింక్ లేదు అని ఫిల్టర్ పెట్టి అడుగుండ్రి, మొదటి దానికి ముందు, చివరి దానికి వెనక తప్ప ఖాళీ ఉండొద్దు. ఉల్టా తప్పు సుతా ఉంటది, వెనక లింక్ లేని పనికి నెలలకు నెలలు ఫ్లోట్, అంటే మొత్తం పని ఆగకుండ ఆ పని ఎన్ని రోజులు ఆగొచ్చో ఆ వెసులుబాటు, చూపెడ్తది, అది సుతా అబద్ధమే.

ఫ్లోట్ గురించి ఒక్క మాట, అది ఊరుమ్మడి బాయి అసొంటిది. వరుసల మొదటోడు పది రోజులు తోడుకుంటే వెనకాల కరెంటోనికి, పెయింటరుకు చుక్క మిగలదు. ప్రతోడు "నాకు పది రోజులు ఉన్నయి" అనుకుంటడు, ఉన్నది అందరికి కలిపి పది.

ప్రశ్న: సూర్యాపేట నుంచి. వారం వారం ప్రోగ్రెస్ అప్‌డేట్ చేస్త. సూపర్‌వైజర్‌ను అడిగితే ప్లాస్టరింగ్ 90 శాతం అంటడు. నాలుగు వారాల సంది 90 శాతమే. ఏం రాయాలె?

జవాబు: శాతం అడగకు. "ఇంకెన్ని రోజులు పడ్తది" అని అడుగు, ఆ సంఖ్య రిమైనింగ్ డ్యూరేషన్‌ల రాయి. శాతంకు ఎవ్వడు జవాబుదారి గాడు, రోజులు చెప్పినోడు వచ్చే సోమవారం నీ మొఖం చూడాలె. మొదలు పెట్టకముందే సెట్ బేస్‌లైన్ నొక్కి అసలు ప్లాన్ దాచినవా? లేకుంటే ఎంత వెనకబడ్డవో కొలిచే కట్టె లేదు నీ దగ్గర. అప్‌డేట్ చేసే రోజును స్టేటస్ డేట్‌గ పెట్టి, అప్‌డేట్ ప్రాజెక్ట్‌ల మిగిలిన పనిని ఆ తేదీ దాటి జరుపు. ఎంఎస్ ప్రాజెక్ట్ తనంత తాను జరపదు, అయిపోని పని పోయిన నెలల్నే కూసుంటది. పీ6ల డేటా డేట్, అంటే అండ్ల అప్‌డేట్ తేదీ, మార్చి ఎఫ్9 నొక్కితే జరుగుతది, ఈ ఒక్క విషయంల నాకు పీ6 ఇష్టం.

రోజులు చెప్పనీకి సూపర్‌వైజర్ నానుస్తుంటే మూడు అడుగు: అన్నీ మంచిగ నడిస్తే ఎన్ని, ఎప్పటి లెక్కనైతే ఎన్ని, అన్నీ అడ్డం తిరిగితే ఎన్ని. 4, 6, 14 అన్నడనుకో. నడిమి దాన్ని నాలుగు రెట్లు చేసి మూడూ కలిపి ఆరుతోని భాగించు, 42 ను 6 తోని, 7 రోజులు. పెర్ట్ లెక్క అంటరు దీన్ని. లెక్క కంటే ఆ మూడో ప్రశ్నకు వాడు చెప్పే కారణం ముఖ్యం, ఇసుక అంటడో, నీళ్ల ట్యాంకర్ అంటడో, అది రాసుకో.

ప్రశ్న: జడ్చర్ల నుంచి. నవ్వకుండ్రి సార్, మా చెల్లె లగ్గం ఆరు వారాలల్ల ఉన్నది. దీన్ని ఎంఎస్ ప్రాజెక్ట్‌ల చెయ్యొచ్చునా?

జవాబు: నవ్వలే తమ్మీ, నేను మా బిడ్డ లగ్గం గట్లనే చేసిన, మా ఆమె మాత్రం ఇయ్యాల్టికి నవ్వుతది. లగ్గం ముహూర్తం జరగదు కదా, అందుకే ప్రాజెక్ట్ ఇన్ఫర్మేషన్‌ల "ఫినిష్ డేట్ నుంచి షెడ్యూల్ చెయ్యి" అని మార్చు. అప్పుడది ఎనకకు లెక్క పెట్టుకుంట వస్తది, పత్రికలు పంచాలంటే ఎన్నడు అచ్చుకియ్యాలె, అచ్చుకియ్యాలంటే ఎన్నడు ఫంక్షన్ హాల్ పక్కా గావాలె. గద్వాల చీర మగ్గం మీద నేపిస్తుంటే ఆ లైన్ అన్నిటికంటే పైకి పోతది చూడు, ఇయ్యాల్నే ఆర్డర్ ఇయ్యి.

ఒక్క చిక్కు ఉన్నది. ఇట్ల పెట్టినప్పుడు ప్రతి పని వీలైనంత ఆలస్యంగ అని పడ్తది, అంటే టెంట్ హౌస్ అడ్వాన్స్ సుతా ఆఖరు నాడే చూపెడ్తది, ఊపిరాడని ప్లాన్ అది. అందుకే లగ్గానికి 5 రోజుల ముందు సున్నా రోజుల పని, అంటే మైలురాయి ఒకటి పెట్టు, "అన్నీ ఇంటికొచ్చినయి" అని పేరు రాయి, సామాన్ల పనులన్నీ దానికి కట్టు. దానికీ లగ్గానికీ నడుమ 5 రోజుల లాగ్ ఉండాలె, ఇ, డి అక్షరాలతోని, ఎందుకంటే ఆ ఐదు రోజులల్ల ఆదివారం సుతా ఉంటది, మీ మేనమామలు సుతా ఉంటరు.